కెనడా కథోలిక పాఠశాలా జిల్లాలు: సమాజ వార్తలు, సిబ్బంది సన్మానము



కెనడా యను పేరు మన కోస్తా జిల్లాలవారికి క్రొత్తది కాదు. 1874వ సంవత్సరమున కాకినాడలో పని ప్రారంభించిన కెనడా బాప్టిస్టు మిషనువారు మన ప్రాంతమున బడులను, ఆసుపత్రులను నెలకొల్పిరి. వారు ప్రొటెస్టంటు శాఖకు చెందినవారు. ఆ దేశముననే కథోలికులకు వేరుగా పాఠశాలలు కలవు. అవి ప్రజాధనముతో నడచును. ప్రజలెన్నుకొన్న బోర్డులు వానిని పాలించును. అట్టి బోర్డు తన సమాజమునకు వార్తలను ఎట్లు తెలుపును? తన సిబ్బందిని ఎట్లు గౌరవించును? ఈ రెండు పనులవలన బడికి కలుగు మేలేమి? వీనిని గూర్చి నేడు విచారింతము.

ముందుగా పాఠశాలా జిల్లా యననేమో తెలిసికొనవలెను. మన దేశమున కథోలిక పాఠశాలను మేత్రాసనము గాని, కన్యస్త్రీల సభ గాని స్థాపించి నడుపును. సర్కారు కొన్నింటికి గ్రాంటు నిచ్చినను యాజమాన్యము ఆ సంస్థదే. కెనడాలో ఒంటారియో, సస్కాచివాన్, అల్బర్టా అను మూడు రాష్ట్రములలో పద్ధతి వేరు. ఒక ప్రాంతమునందలి కథోలిక పాఠశాలలన్నియు కలిసి ఒక జిల్లా యగును. ఇది రెవిన్యూ జిల్లా కాదు. బడుల పాలనకు మాత్రమే ఏర్పడినది. దానికి ఎన్నికైన సభ్యుల బోర్డును, ఆ బోర్డు నియమించిన ప్రధానాధికారియు ఉందురు. అల్బర్టాలో ఈ ఎన్నికలు నాలుగేండ్ల కొకసారి జరుగును. పూర్వము మన తాలూకా బోర్డులను, జిల్లా బోర్డులను ఎరిగిన కుటుంబములవారికి ఈ ఏర్పాటు సులభముగా బోధపడును.

ఈ హక్కు ఒకనాట వచ్చినది కాదు. నేడు ఒంటారియో యనబడు ప్రాంతమున 1863లో ఒక శాసనము కథోలికుల ప్రత్యేక పాఠశాలలకు గట్టి పునాది వేసెను. 1867లో కెనడా సమాఖ్య ఏర్పడినప్పుడు రాజ్యాంగ శాసనపు 93వ విభాగము అప్పటికున్న మతశాఖల విద్యాహక్కులను కాపాడెను. 1875 నాటి వాయవ్య ప్రాంతముల శాసనము పడమటి మైదానములలో అల్పసంఖ్యాకులకు అట్టి బడులను పెట్టుకొను వీలు కలిగించెను. 1905లో అల్బర్టా, సస్కాచివాన్ రాష్ట్రములు పుట్టినప్పుడును ఆ వీలు నిలిచెను.

కాల్గరీ పట్టణము దీనికి మంచి ఉదాహరణము. 1885లో అది రైలుదారి ప్రక్కన అప్పుడే మొలకెత్తుచున్న చిన్న ఊరు. ఆ సంవత్సరముననే కొందరు కన్యస్త్రీలు అచ్చటికి వచ్చి బోధన ప్రారంభించిరి. కథోలిక పాఠశాలా జిల్లాయు ఆ యేడే ఏర్పడెను. నేడు ఆ జిల్లాలో నూరింటికి మించిన పాఠశాలలు, అరువదివేలకు మించిన విద్యార్థులు కలరు. ఆనాడు బడిలో ఎవరేమి చేయుచున్నారో ఊరంతయు కన్నులార చూచెడిది. నేడు ఒక బడిలోని ఉపాధ్యాయుడు ప్రక్క బడిలోని వానిని ఎరుగడు. మఱియొక మార్పును కలదు. కన్యస్త్రీలు వ్రతమునుబట్టి పనిచేసిరి. వారికి జీతమును మెప్పును ప్రధానములు కావు. నేటి ఉపాధ్యాయులు దాదాపుగా అందరును గృహస్థులు, జీతముపై జీవించువారు. ఊరి కన్ను చేసిన పనిని ఇప్పుడు వార్తాపత్రము చేయవలసివచ్చినది. వ్రతము నిలిపిన ఉత్సాహమును ఇప్పుడు తోటివారి గుర్తింపు నిలుపవలసివచ్చినది. సమాజ వార్తలకును, సిబ్బంది సన్మానమునకును మూలకారణ మిదియే.

మొదట వార్తల సంగతి. వీనిలో పెక్కు సామాన్యమైన విషయములే. ఏ వీధికి ఏ బస్సు వచ్చును, క్రొత్త విద్యార్థులను ఎప్పుడు చేర్చుకొందురు, బోర్డు సమావేశమున ఏ తీర్మానములు జరిగెను, క్రొత్త బడి కట్టడము ఎంతవరకు వచ్చెను, ఏ బడిని మూయుటకు ఆలోచన సాగుచున్నది, ఇట్టివి. వీనితోపాటు కథోలిక సమాజమునకు ప్రత్యేకమైనవి కొన్ని కలవు. విద్యాసంవత్సరారంభమున జరుగు దివ్యపూజ, క్రీస్తు జయంతికి ముందు వచ్చు ఆగమనకాలమున పేదలకై పిల్లలు కూర్చిన ధాన్యాదులు, విచారణ గురువులు బడికి వచ్చిన దినములు, మరణించిన పూర్వ ఉపాధ్యాయులకై ప్రార్థనలు అందులో చోటుచేసికొనును. తల్లిదండ్రుల అనుమతి లేక బాలుని ఛాయాచిత్రమును ప్రకటింపరు. ఒక పేద బాలునికి చొక్కాలు ఇచ్చిరని చెప్పవచ్చును గాని ఆ బాలుడెవరో చెప్పరాదు. దాత పేరు వెలుగుటకై బాలుని మానము బలికారాదను మర్యాదను అందఱు గమనింపవలెను.

ఇక సన్మానముల సంగతి. ఇవి ముఖ్యముగా మూడు విధములు. మొదటిది సేవాకాలమును బట్టి చేయునది. పది, ఇరువది, ఇరువదియైదు సంవత్సరములు పనిచేసినవారిని పిలిచి, వారి పేళ్లు చదివి, ఒక చిన్న జ్ఞాపికను చేతికిత్తురు. రెండవది విరమణ సన్మానము. ఉద్యోగము చాలించువారికి పూజయు, విందును జరిపి, పనిచేసిన బడులను పేర్కొందురు. మూడవది ఎంపికమీద చేయునది. తోటివారు గాని తల్లిదండ్రులు గాని ఒకరి పేరును ప్రతిపాదింతురు. ఒక సంఘము దానిని పరిశీలించును.

అల్బర్టా పాఠశాలా బోర్డుల సంఘము 1964 నుండి ఎడ్విన్ పార్ అను పూర్వాధ్యక్షుని పేర ఒక బహుమానము నిచ్చుచున్నది. అది మొదటి సంవత్సరపు ఉపాధ్యాయులకే చెందును. కథోలిక బోర్డులును తమ క్రొత్తవారిని దీనికి ప్రతిపాదించును. ఈ ఏర్పాటులో గొప్ప వివేకము కలదు. తల నెరసిన పిమ్మట సన్మానించుట సులభము. కాని ఉపాధ్యాయుడు వృత్తిలో నిలుచునా, విడుచునా యనునది తరచుగా తొలి యేండ్లలోనే తేలును. పాఠము సిద్ధపరచుట, అల్లరి పిల్లలను అదుపున నుంచుట, తల్లిదండ్రులతో మాటలాడుట, ఈ మూడును ఒక్కసారిగా మీదపడిన కాలమున చెప్పిన మంచిమాట ముప్పదియేండ్ల పిమ్మట కప్పిన శాలువకంటె ఎక్కువ పని చేయును.

సిబ్బంది యనగా ఉపాధ్యాయులే కారు. ఆ మైదానములలో శీతకాలమున చలి సున్నకు ముప్పది డిగ్రీలు దిగువకు పోవు దినములు కలవు. తెల్లవారకముందే బడికి వచ్చి మెట్లమీది మంచును త్రోసి, గదులకు వేడి అందుచున్నదో లేదో చూచువాడు బడి కావలివాడు. జారు బాటపై పిల్లలను క్షేమముగా తెచ్చువాడు బస్సు నడుపువాడు. ఆలస్యముగా వచ్చిన బాలుడు మొదట చూచునది కార్యాలయపు గుమాస్తా ముఖమును. నడువలేని, మాటలాడలేని పిల్లలకు అన్నము పెట్టి, చేయిపట్టి తిప్పు సహాయకురాలు మఱియొకతె. వీరిలో ఒక్కరు రాకున్నను బడి కుంటును. అందుచేత మంచి జిల్లాలు సన్మానపు పట్టికలో వీరికిని చోటిచ్చును.

ప్రశంస వ్రాయుటకును ఒక పద్ధతి కలదు. “ఈయన సద్గుణవంతుడు, కర్తవ్యదీక్షాపరుడు, అందరి మన్ననలు పొందినవాడు” అని వ్రాసినచో అది ఎవరికైనను సరిపోవును. కావున ఎవరికిని సరిపోదు. “ఈమె చదువులో వెనుకబడిన పిల్లలను ఏడాది పొడుగున ప్రతిదినము అరగంట ముందుగా పిలిచి చదివించినది, వేసవి నాటికి వారందరును కథలను తామే చదువగలిగిరి” అని వ్రాసినచో వినువారికి పని కన్నులకు కట్టును. మఱియొక ఉపాధ్యాయుడు దానిని తానును చేయవచ్చునని తలచును. సన్మానముయొక్క ఫలము ఇది. పలుకుబడినిబట్టియో, ఒకరి తరువాత ఒకరికి వంతులవారీగానో పంచినచో సభ జరుగును గాని ఫలము దక్కదు. అంతేకాక నిజముగా శ్రమించినవాడు చూచి నవ్వుకొని, మరునాటినుండి చేయి సడలించును.

ఇంతకును బోర్డునకు ఈ శ్రద్ధ యేల? ఒక కారణము ధనము. అల్బర్టాలో 1994 నుండి రాష్ట్రప్రభుత్వమే విద్యాపన్ను నిర్ణయించి, ముఖ్యముగా విద్యార్థుల సంఖ్యనుబట్టి బోర్డులకు ధనమిచ్చుచున్నది. ప్రక్కనే మతముతో సంబంధములేని సర్కారు బడియు ఉచితముగానే యుండును. కావున నమ్మకము తగ్గినచో పిల్లలు తగ్గుదురు. పిల్లలు తగ్గినచో ధనము తగ్గును.

పల్లెలకు ఈ మాట మఱింత తగును. సస్కాచివాన్ రాష్ట్రమున థియొడోర్ అను చిన్న గ్రామము కలదు. 2003లో అచ్చటి బడిలో సుమారు నలువదిమంది పిల్లలే యుండుటచే సర్కారు బోర్డు దానిని మూసి, పిల్లలను పదునేడు కిలోమీటర్ల దూరమున నున్న మఱియొక ఊరికి బస్సులో పంపదలచెను. అప్పుడు గ్రామమందలి కథోలికులు చట్టప్రకారము ప్రత్యేక పాఠశాలా విభాగము నేర్పరచుకొని, ఆ కట్టడమునే కొని, బడిని నిలుపుకొనిరి. కథోలికులు కాని కుటుంబములవారును తమ పిల్లలను అందులోనే చేర్చిరి. అట్టి పిల్లలకు కథోలిక బడిలో ప్రభుత్వధనము చెల్లునా యను వ్యాజ్యము బయలుదేరెను. 2017లో క్రింది న్యాయస్థానము చెల్లదనెను. 2020లో రాష్ట్రపు అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. 2021లో సుప్రీముకోర్టు విచారణకు అనుమతి నిరాకరించెను. ఒక్క పల్లెబడి తగాదా దేశమంతట ప్రతిధ్వనించినది.

ఈ ఏర్పాటును ప్రశ్నించువారును కలరు. ఒక్క మతశాఖకే ప్రజాధన మిచ్చుట వివక్షయని ఒంటారియో విషయమున 1999లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము అభిప్రాయపడెను. క్యుబెక్ రాష్ట్రమున 1998లో మతశాఖల బోర్డులు పోయి భాషల బోర్డులు వచ్చెను. న్యూఫౌండ్లాండు ప్రజలు 1997లో ఓటు వేసి తమ మతశాఖల పాఠశాలా వ్యవస్థను ఎత్తివేసిరి. హక్కు కాగితముమీద నున్నను, ప్రజల మనస్సున నిలువవలసియున్నదని దీనివలన తేలుచున్నది.

అందుచేతనే వార్తాపత్రము పొగడ్తలతో మాత్రమే నిండరాదు. కెనడా ప్రభుత్వము స్థాపించి, కథోలికులును ఇతర క్రైస్తవ శాఖలవారును నడిపిన వసతి పాఠశాలలలో లక్షాయేబదివేలకు మించిన ఆదివాసి పిల్లలను తల్లిదండ్రులకు దూరముచేసి ఉంచిరి. వారి భాషను మాన్పించిరి. పెక్కుమంది హింసల పాలైరి. ఇంటికి తిరిగిరాని పిల్లలును కలరు. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అను ఆరేండ్ల బాలికకు అవ్వ కొనిపెట్టిన నారింజరంగు చొక్కాను సెయింట్ జోసెఫ్ మిషను పాఠశాలలో చేరిన మొదటి దినముననే లాగికొనిరి. ఆ జ్ఞాపకమునుండి 2013లో సెప్టెంబరు 30వ తేదీ స్మారకదినముగా మొదలయ్యెను. 2021లో అది జాతీయదినమయ్యెను. 2022 జూలై 25న పోపు ఫ్రాన్సిసు అల్బర్టాలోని మాస్క్వాచిస్ అను చోట క్షమాపణ వేడెను. నేడు కథోలిక బడుల పిల్లలును ఆ దినమున నారింజరంగు చొక్కాలు ధరింతురు. తమవారి తప్పును తమ వార్తలలోనే చెప్పుకొను సమాజము తమవారి మంచిని చెప్పినప్పుడు వినువారు నమ్ముదురు.

మన గ్రామములకు దీనిలో కొంత ఉపయోగము కలదు. 1962 నుండి సెప్టెంబరు 5వ తేదీని మనము ఉపాధ్యాయ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అది 1931 మొదలు 1936 వఱకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారి జన్మదినము. ఆనాడు పూలదండలు వేయుదుము, ఉపన్యాసములు వినుదుము. దానితోపాటు పెద్దలు మూడు పనులు చేయింపవచ్చును. ఒకటి, బడి కమిటీ తీర్మానములను, వచ్చిన సొమ్మును, వ్యయమైన సొమ్మును నెలకొకసారి పంచాయతీ పలకమీద వ్రాయించుట. రెండు, మధ్యాహ్నభోజనము వండు తల్లిని, బడి ఊడ్చు మనిషిని, క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుని సన్మానపు పట్టికలో చేర్చుట. మూడు, ఎవరిని గౌరవించినను వారు చేసిన ఒక్క పనినైనను స్పష్టముగా సభలో చెప్పుట.

వీనికి ధనము అక్కరలేదు. గమనించి చూచు కన్ను చాలును. తన పనిని ఊరు చూచుచున్నదని ఎరిగిన ఉపాధ్యాయుడు ఆ ఊరిని విడువ నిచ్చగింపడు. తన సొమ్ము ఏమగుచున్నదో ఎరిగిన గృహస్థుడు ఆ బడిని విడువడు. ఈ ఇరువురును నిలిచినచోట బడి నిలుచును.