హబ్‌కూ స్విచ్‌కూ తేడా ఏమిటి?

ఒక గదిలో పది కంప్యూటర్లు ఉన్నాయనుకుందాం. వాటిని కలపాలంటే ప్రతిదాని నుంచీ ఒక కేబుల్ తెచ్చి మధ్యలో ఉన్న పెట్టెకు తగిలిస్తారు. ఆ పెట్టె హబ్ కావచ్చు, స్విచ్ కావచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి: వరుసగా పోర్టులు, మిణుకుమిణుకుమనే దీపాలు. తేడా అంతా లోపలే ఉంది.

హబ్‌కు చిరునామాలు చదవడం రాదు. ఒక పోర్టులోంచి వచ్చిన విద్యుత్ సంకేతాన్ని బలపరచి మిగిలిన అన్ని పోర్టుల్లోకీ పంపేస్తుంది. పోస్టుమాన్ వీధి మధ్యలో నిలబడి మీ ఉత్తరాన్ని బిగ్గరగా చదివినట్లన్నమాట! మూడో కంప్యూటర్ ఏడోదానికి పంపిన సమాచారం మిగతా ఎనిమిదింటికీ చేరుతుంది. 'ఇది నాది కాదు' అని అవి వదిలేస్తాయి. అది మర్యాద మాత్రమే. వినదలచుకున్నవాడికి అడ్డేమీ లేదు. మామూలు అక్షరాల్లో పంపిన పాస్‌వర్డ్‌ను పక్క బల్ల మీది కంప్యూటర్‌లో చదివేయవచ్చు. పైగా రెండు కంప్యూటర్లు ఒకేసారి పంపితే సంకేతాలు ఢీకొని చెడిపోతాయి. రెండూ ఆగి, వేర్వేరు వ్యవధుల తర్వాత మళ్లీ ప్రయత్నించాలి. హబ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లయితే ఆ పదింటినీ అందరూ పంచుకోవలసిందే.

మరి స్విచ్? ఏ పోర్టులో ఎవరున్నారో దానికి ఎవరూ చెప్పరు. వినివిని తానే నేర్చుకుంటుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ 48 బిట్ల చిరునామా ఉంటుంది. ప్రతి సమాచార పొట్లం మీదా పంపినవారిదీ, అందుకోవలసినవారిదీ చిరునామాలు ఉంటాయి. మూడో పోర్టులోంచి పొట్లం రాగానే పంపినవారి చిరునామాను ఆ పోర్టు సంఖ్యతో సహా స్విచ్ పట్టికలో రాసుకుంటుంది. అందుకోవలసినవారి చిరునామా పట్టికలో ఉంటే ఆ ఒక్క పోర్టులోకే పంపుతుంది. లేకపోతే? అచ్చం హబ్‌లాగే అందరికీ పంపుతుంది! జవాబు వచ్చిందంటే ఆ చిరునామా కూడా తెలిసిపోతుంది. చాలాసేపు, సాధారణంగా 5 నిమిషాలు, వినబడని చిరునామాను కొట్టివేస్తుంది. కంప్యూటర్‌ను వేరే చోటికి మార్చి ఉండవచ్చు కదా! మూడూ ఏడూ మాట్లాడుకుంటుండగానే రెండూ ఐదూ కూడా పూర్తి వేగంతో మాట్లాడుకోగలవు.

ఇలాంటి ఈథర్‌నెట్ స్విచ్‌ను 1990లో మొదట అమ్మకానికి తెచ్చింది అమెరికాలోని 'కల్పన' అనే సంస్థ. భారతీయ సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ దాని స్థాపకుల్లో ఒకరు. ఆయన భార్య పేరే సంస్థకు పెట్టారు. 1994లో సిస్కో దాన్ని కొనుగోలు చేసింది.

స్విచ్ ఉంది గనుక రహస్యాలు భద్రమేననుకోకండి. పట్టికలో చోటు పరిమితం. ఎవరైనా దొంగ చిరునామాలతో వేలకొద్దీ పొట్లాలు పంపి దాన్ని నింపేస్తే, కొత్తవారిని రాసుకునే చోటు లేక వారికి వచ్చినవన్నీ స్విచ్ అందరికీ పంచేస్తుంది. అప్పుడు రహస్యాన్ని కాపాడేది సంకేతలిపే.

హబ్‌లు ఇప్పుడు దాదాపు కనుమరుగయ్యాయి. అయితే మీ ఇంటి వైఫై చూడండి. ఒకే చానల్ మీద ఉన్న ఫోన్లన్నీ ఇప్పటికీ గాలిని వంతులవారీగానే పంచుకుంటున్నాయి.