చక్కెర వ్యాధి గుమ్మంలో ఉండగానే

మధుమేహానికి మంచి చూర్ణం ఏదైనా చెప్పమని నా వద్దకు వచ్చేవారిలో సగం మందికి ఇంకా ఆ వ్యాధి రానేలేదు. తండ్రికో తల్లికో ఉంటుంది. తమ రక్తపరీక్షలో చక్కెర ఉండవలసిన దానికంటే కాస్త ఎక్కువగా కనిపించి ఉంటుంది. డాక్టరుగారు "ఇప్పుడే మాత్రలు అక్కరలేదు, జాగ్రత్తగా ఉండండి" అని పంపివేసి ఉంటారు. ఆ జాగ్రత్త ఏమిటో విడమరచి చెప్పినవారు లేక, నేరేడు గింజల పొడి మంచిదా, కాకరరసం మంచిదా అని వెదుకుతూ ఉంటారు. వీరికి చూర్ణాల కంటే ముందు చెప్పవలసిన చికిత్స మరొకటి ఉన్నది. అది మన ప్రాచీన గ్రంథాలలోనే ఉన్నది.

మొదట ఈ "కాస్త ఎక్కువ" అంటే ఎంతో తెలుసుకోవాలి. పరగడుపున రక్తంలో చక్కెర 100 నుండి 125 మిల్లీగ్రాముల మధ్య ఉన్నా, గ్లూకోజు నీరు త్రాగిన 2 గంటల తరువాత 140 నుండి 199 మధ్య ఉన్నా, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 5.7 నుండి 6.4 శాతం ఉన్నా అది వ్యాధికి పూర్వస్థితి. అనగా రోగం గుమ్మంలో నిలబడి ఉన్నది, ఇంట అడుగు పెట్టలేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త సర్వే ప్రకారం మనదేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉండగా, ఈ పూర్వస్థితిలో ఉన్నవారు 13.6 కోట్ల మంది. వీరిని వెనుకకు మళ్ళించే అవకాశం ఇంకా ఉన్నది కనుకనే ఈ వ్యాసం.

ఆచార్యులు ఏమి చెప్పారు?

ఆయుర్వేదంలో ప్రమేహాలు 20 రకాలు. మధుమేహం వాటిలో ఒకటి. ఈ రోగాలు దేనివలన కలుగుతాయో చెబుతూ చరకాచార్యులు మొట్టమొదట పేర్కొన్నది ఏ విషపదార్థాన్నో కాదు, సుఖంగా కూర్చొని ఉండటాన్ని, సుఖంగా నిద్రపోవటాన్ని! ఆ తరువాతనే పెరుగు, పాలు, మాంసరసాలు, కొత్త ధాన్యం, బెల్లంతో చేసిన పదార్థాలు, ఒక్కమాటలో కఫాన్ని పెంచేవన్నీ వస్తాయి. "బెల్లం ఆయుర్వేదమే కదండీ, పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నాం" అని సంతోషంగా చెప్పేవారు ఈ జాబితాను ఒకసారి గమనించాలి. తేనె సంగతి వేరు. ఆచార్యులు దానిని ప్రమేహంలో స్వల్పంగా వాడారు. కానీ అది కూడా రక్తంలో చక్కెరను పెంచేదే. గ్లాసుడు నీళ్ళలో మూడు చెంచాలు కలుపుకొని త్రాగటానికి అది అనుమతి కాదు.

సుశ్రుతాచార్యుల చికిత్స మరింత ఆశ్చర్యకరం. ధనం లేని ప్రమేహ రోగి చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికి ఒక రాత్రి మాత్రమే ఉంటూ నూరు యోజనాలు నడవాలని ఆయన విధించారు. ధనవంతుడైతే శ్యామాకాల వంటి తృణధాన్యాలతో, ఉసిరి, వెలగ వంటి ఫలాలతో జీవించాలన్నారు. ఆవుల వెంట తిరగమన్నారు, పొలం దున్నమన్నారు, బావి త్రవ్వమన్నారు. యోజనం ఎన్ని మైళ్ళన్న చర్చ ఎలా ఉన్నా, ఊరూరా తిరిగే భిక్షువుకు ఇది వారాల తరబడి సాగే నడక. తినే తిండి తక్కువ, అదీ ముతకది. ఈ కాలంలో బావి త్రవ్వమని నేను ఎవరికీ చెప్పటం లేదు. కానీ ఆ విధిలోని ఆంతర్యాన్ని వదిలిపెట్టి, అదే గ్రంథంలోని కషాయాలను మాత్రమే ఏరుకోవటం న్యాయం కాదు.

దేహంలో జరిగేది

తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. దానిని రక్తం నుండి లోపలికి తీసుకొనే అతిపెద్ద స్థలం మన కండరాలు. క్లోమగ్రంథి నుండి వెలువడే ఇన్సులిన్ ఇందుకు తోడ్పడుతుంది. కాలేయంలోనూ కండరాలలోనూ కొవ్వు చేరినకొద్దీ ఇన్సులిన్ మాట అవి వినటం మానివేస్తాయి. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఇలా కొన్ని సంవత్సరాలు గడిచి, అది అలసిపోయిన నాడు పరీక్షలో చక్కెర బయటపడుతుంది. వ్యాయామం గొప్పతనం ఇక్కడే ఉన్నది. కదులుతున్న కండరం ఇన్సులిన్ సహాయం అంతగా లేకపోయినా గ్లూకోజును తీసుకోగలదు. ఆ వ్యాయామ ప్రభావం ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అందువల్ల ఆదివారం ఒక్కరోజు పది కిలోమీటర్లు నడిచి మిగిలిన ఆరు రోజులూ కుర్చీకి అతుక్కుపోయేవారి కంటే రోజూ అరగంట నడిచేవారికే లాభం ఎక్కువ.

ఇది నమ్మకంగా చెప్పే మాట కాదు, పరీక్షించి తేల్చినది. చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో పూర్వస్థితిలో ఉన్న 577 మందితో ఆరేళ్ళపాటు ఆహార నియమం, వ్యాయామం పాటింపజేశారు. 30 సంవత్సరాల తరువాత చూసినప్పుడు, నియమం పాటించినవారిలో మధుమేహ ఆగమనం సుమారు నాలుగేళ్ళు వెనుకకు జరిగింది. గుండెజబ్బులూ మరణాలూ కూడా తగ్గాయి. అమెరికాలో 3,234 మందిపై జరిపి 2002లో ప్రకటించిన అధ్యయనంలో ఆహార వ్యాయామాల వలన వ్యాధి 58 శాతం తగ్గగా, మెట్‌ఫార్మిన్ మాత్ర వలన 31 శాతమే తగ్గింది.

మనకు అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మందితో జరిపి 2006లో ప్రకటించినది. సుమారు మూడేళ్ళలో, ఏ నియమమూ లేనివారిలో నూటికి 55 మంది మధుమేహం పాలయ్యారు. నడక, మితాహారం పాటించినవారిలో అది 39 మాత్రమే. నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్న విషయం మరొకటి: వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గనే లేదు! రెండు నెలలు నడిచి, తూకం ముల్లు కదలలేదని నిరుత్సాహపడి మానివేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయితే అదే అధ్యయనం మరొక నిజాన్నీ చెబుతున్నది. నియమం పాటించినా నూటికి 39 మందికి వ్యాధి వచ్చింది. మనవారిలో ఈ వ్యాధి ధోరణి అంత బలమైనది. కనుక పూర్తిగా అభయం ఇవ్వలేను. ఆలస్యం చేయవచ్చు, చాలామందిలో ఆపవచ్చు.

పళ్ళెంలో మార్పు

మన ఇళ్ళలో ఉదయం ఇడ్లీయో దోసెయో, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. వెనుకటి తరాలవారూ అన్నమే తిన్నారు గదా అని అడుగుతారు. తిన్నారు. కానీ ఆ బియ్యాన్ని రోకళ్ళతో దంచినవారు, పిండిని తిరగలితో విసరినవారు, నీళ్ళను బావి నుండి చేదినవారు వారే. నేడు ఆ శ్రమ అంతా మిల్లుకూ, మిక్సీకీ, మోటారుకూ వెళ్ళిపోయింది. తెల్లగా పాలిష్ పట్టిన అన్నం మాత్రం అదే కొలతలో మిగిలింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల నుండి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతానికి మించవద్దంటున్నాయి. ఇంటి భాషలో చెప్పాలంటే, పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగం పప్పు, పెసలు, శనగలు, గుడ్డు, చేప వంటివి. మిగిలిన పావు మాత్రమే అన్నం. ఇన్నాళ్ళూ అన్నంలో కూర కలుపుకొన్నాము, ఇక కూరలో అన్నం కలుపుకోవాలి. ముందుగా కూర, పప్పు కొంత తిని తరువాత అన్నానికి వస్తే చక్కెర అంత వేగంగా పెరగదు. బంగాళాదుంప, చేమదుంప వేపుళ్ళను కూరల లెక్కలో వేయకండి.

కొర్రలు, ఊదలు, సామలు, జొన్నలు మంచివే. పీచు ఎక్కువ, నిదానంగా జీర్ణమవుతాయి. వండే ముందు కొన్ని గంటలు నానబెట్టాలి. కానీ కొర్రన్నమని రెండింతలు వడ్డించుకొంటే ప్రయోజనం లేదు. రాగి జావ విషయంలో మరీ భ్రమ ఉన్నది. మెత్తని పిండిని పలుచగా కాచి త్రాగితే ఆ చక్కెర రక్తంలోకి త్వరగానే చేరుతుంది. రాగి సంకటి చిన్న ముద్దగా ఆకుకూర పప్పుతో తినటం మేలు. పండును పండుగానే తినండి, రసం తీయవద్దు.

గృహిణులకు ఒక మాట. అందరికీ వడ్డించి మూడు గంటలకు భోజనానికి కూర్చొని, గిన్నెలో మిగిలిన అన్నం పారవేయలేక తాము తినివేసేవారు ఎందరో. మిగలకుండా వండటమే దీనికి ఉపాయం. గర్భవతిగా ఉన్నప్పుడు చక్కెర వచ్చి ప్రసవం తరువాత పోయిన స్త్రీలకు మున్ముందు ఈ వ్యాధి వచ్చే అవకాశం అనేక రెట్లు ఎక్కువ. ప్రసవమైన 6 నుండి 12 వారాలలో ఒకసారి, ఆ తరువాత క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. అలాగే ఇంటి పెద్దకు చక్కెర ఉంటే ఆయన ఒక్కరికే వేరే గిన్నె పెట్టవద్దు. ఆయన పిల్లలకు అవసరమైన పథ్యమూ అదే.

ఎంత వ్యాయామం?

బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని వాగ్భటాచార్యులు చెప్పారు. నుదుట చెమట పట్టి, నోటితో గాలి పీల్చవలసి వచ్చినప్పుడు ఆ సగం పూర్తయిందని గుర్తు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి అని నేటి వైద్యులు చెప్పే కొలత కూడా ఇంచుమించు ఇదే. వారానికి 150 నిమిషాలు కనీసం. వీలుకాకపోతే ప్రతి భోజనం తరువాత 10, 15 నిమిషాల నడకగా విడదీసుకోవచ్చు. రాత్రి భోజనం చేసి నేరుగా టీవీ ముందు కూర్చొనేవారికి ఇది మరీ అవసరం. వారానికి రెండు రోజులు గుంజీలు, సూర్య నమస్కారాల వంటివి చేసి కండ పెంచుకోవాలి. గ్రీష్మంలో వ్యాయామం తగ్గించమని శాస్త్రమే చెప్పింది కనుక మే నెల ఎండలో పంతానికి పోవద్దు, ఇంటిలోనే నడవండి. నడకలో ఛాతీలో నొప్పిగాని, ఆయాసంగాని కలిగితే వెంటనే ఆపి వైద్యుని చూడాలి.

ఎవరికి ఇది వర్తించదు?

ప్రమేహ రోగులలో స్థూలుడు, కృశుడు అని చరకులు విభజించి, కృశించినవానికి పోషణ ఇవ్వమన్నారు. పిల్లలుగాని యువకులుగాని అతిదాహం, అతిమూత్రంతో వేగంగా చిక్కిపోతుంటే వారికి ఉపవాసాలు, నడకలు కాదు, ఆ రోజే ఆసుపత్రి కావాలి. వారికి ఇన్సులినే ప్రాణాధారం కావచ్చు. ఇప్పటికే మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు తిండి తగ్గించి నడక పెంచినప్పుడు చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉన్నది. మోతాదు మార్పు వైద్యుడే చేయాలి. తమంతట తాము మానకూడదు.

ఇక అడిగిన చూర్ణం సంగతి. మెంతులలోని పీచు చక్కెరను నిదానింపజేస్తుంది. జాతీయ పోషకాహార సంస్థలో 1990 ప్రాంతంలోనే దీనిపై పరిశోధనలు జరిగాయి. ఒక చెంచాడు రాత్రి నానబెట్టి ఉదయం నమిలి తినవచ్చు. ఉసిరిక, పసుపు ప్రమేహంలో శ్రేష్ఠమని వాగ్భటులు చెప్పారు. కాకరకాయను రసం తీసి చేదు మింగే బదులు కూరగా వండుకొని పళ్ళెంలోని ఆ సగం భాగంలో చేర్చండి. ఇవన్నీ నడకకు తోడుగా తీసుకోవలసినవి. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినవారు ఈ వారమే పరగడుపున రక్తపరీక్ష చేయించుకోండి. పూర్వస్థితి అని తేలితే ఏడాదికొకసారి మళ్ళీ చూపించుకోండి.