పథ్యం నుంచి పూరకం దాకా: కోలుకునే కాలంలో ఆహారభావన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
శస్త్రచికిత్స, పక్షవాతం, ఎముక విరగడం వంటి స్థితుల నుంచి తేరుకునేవారికి ఆహారం చికిత్సలో భాగం. ఇంట్లో పాటించే పథ్యం, దుకాణంలో కొనే బలం పొడి రెండూ కొన్ని సందర్భాల్లో ఆ ఆహారాన్నే పక్కకు నెడుతున్నాయి. పథ్యమనే పదానికి కలిగిన అర్థసంకోచాన్ని, ఆహారపూరకాల ప్రయోజనాన్ని, వాటి పరిమితులను, లేబుళ్ల భాషను కామారెడ్డి జిల్లా మహమ్మద్‌నగర్ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పథ్యం, పునరావాసచికిత్స, ఆహారపూరకాలు, మాంసకృత్తులు, హైదరాబాద్ మిక్స్, లేబులు భాష.

1. ప్రవేశిక:
నిజాంసాగర్ మండలం నుంచి విడివడి ఏర్పడిన మండలం మహమ్మద్‌నగర్. మంజీరానదిపై 1923–1931 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ ప్రాజెక్టుకు చేరువలోని వ్యవసాయప్రాంతమిది. ఇటువంటి చోట తుంటి విరగడం, చెయ్యి పడిపోవడం ఒంటినొప్పితో ముగిసేవి కావు. నాట్లకూ కోతలకూ పోలేని స్థితి కుటుంబం జీవికనే దెబ్బతీస్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక నడకను, చేతిపట్టును, మాటను తిరిగి పొందడానికి చేసే సాధనే పునరావాసచికిత్స. అందులో ఎక్కువ భాగం ఇంటివారి చేతుల మీదుగానే సాగుతుంది. కాబట్టి రోగి కంచంలో ఏముండాలో తేల్చేది కూడా ఇంటివారే.

2. పథ్యం – అర్థసంకోచం:
‘పథ్యం’ సంస్కృత పదం. మార్గం తప్పనిది, శరీరానికి హితమైనది అని దాని అర్థం. ఈ అర్థంలో తినవలసినదీ మానవలసినదీ రెండూ ఉన్నాయి. నేటి తెలుగు వ్యవహారంలో మాత్రం ‘పథ్యం ఉండటం’ అంటే ప్రధానంగా మానుకోవడమే. పప్పు తింటే పుండు చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు జలుబు చేస్తుందని చెప్పి రోగికి చారన్నమో జావో పెట్టడం అనేక కుటుంబాల్లో ఆనవాయితీ. పప్పు వల్ల చీము పట్టదు. గాయంలో సూక్ష్మజీవులు చేరితేనే చీము పడుతుంది. ఇక్కడ విలోమస్థితి ఒకటి గమనించదగినది. పప్పు, గుడ్డు, పాలు మాన్పించిన ఇంట్లోనే ఆ లోటు తీర్చడానికి ‘బలం పొడి’ డబ్బా కొంటారు. కంచంలోంచి తీసివేసినదానికే వెల పెట్టి తిరిగి తెచ్చుకోవడమన్నమాట.

3. కోలుకునే శరీరం అవసరం:
మంచం పట్టిన మనిషి కండరం త్వరగా కరుగుతుంది. వ్యాయామం దాన్ని తిరిగి కట్టగలదు. అందుకు ముడిసరుకు మాంసకృత్తులు. ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని భారతీయ వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్దేశించాయి. జబ్బునుంచి తేరుకునే వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు అవసరమని అంతర్జాతీయ నిపుణబృందాల సూచన. ఈ లెక్కన 60 కిలోల వృద్ధుడికి మామూలుగా 50 గ్రాములు చాలితే, కోలుకునే కాలంలో కనీసం 72 గ్రాములు కావాలి. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు కలిస్తే సుమారు 25 గ్రాములు సమకూరుతాయి. అంటే తేడా అక్కడికే తీరుతుంది.

‘గ్లూకోజు ఎక్కిస్తే బలం వస్తుంది’ అన్న నమ్మకాన్నీ ఇక్కడే పరిశీలించాలి. 5 శాతం గ్లూకోజు ఉన్న అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర మాత్రమే. దానివల్ల వచ్చే శక్తి నూరు కేలరీలకు లోపే. మాంసకృత్తులు అందులో లేవు.

4. పూరకం – ప్రయోజనం, పరిమితి:
పూరకమంటే కొరతను నింపేది. కొరత లేనిచోట దానికి పని లేదు. పక్షవాతరోగులపై జరిగి 2005లో వెలువడిన ‘ఫుడ్’ అనే బహుదేశ పరిశోధన ఇందుకు నిదర్శనం. మింగగలిగిన 4,023 మందిలో కొందరికి ఆసుపత్రి భోజనంతోపాటు పోషకపానీయం ఇచ్చారు. అందరికీ యథాలాపంగా ఇవ్వడం వల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. వారిలో అత్యధికులు ముందే పోషకాహారలోపం లేనివారు. స్విట్జర్లాండులో జరిగి 2019లో వెలువడిన ‘ఎఫర్ట్’ పరిశోధన తీరు వేరు. పోషకాహారలోపం ముప్పు ఉన్న 2,088 మందిని ఎంచుకొని, కొందరికి వారివారి అవసరాన్ని లెక్కగట్టి ఆహారాన్ని సమకూర్చారు. వారిలో మరణాలు, తీవ్రసమస్యలు తగ్గాయి. ఈ రెంటినీ కలిపి చదివితే తేలేది ఒకటే: ముందు కొరతను గుర్తించాలి, తరువాతే నింపాలి.

పూరకం హాని చేసే సందర్భాలూ ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా మాంసకృత్తుల పొడి వాడరాదు. చక్కెర కలిపిన పొడులు మధుమేహరోగికి కీడు చేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి విటమిన్ కె ఉన్న గోళీలు మందు పనిని తగ్గిస్తాయి. ఇనుము గోళీని టీతో వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. పక్షవాతం వల్ల మింగడం కష్టమైనవారికి పలుచని పానీయం ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది.

5. తెలంగాణ అనుభవం:
కొరతను గుర్తించి నింపడం ఈ నేలకు కొత్త కాదు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, బక్కచిక్కిన పిల్లల కోసం ‘హైదరాబాద్ మిక్స్’ను రూపొందించింది. గోధుమలు 40, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20 గ్రాములు కలిసిన ఈ 86 గ్రాముల పొడిలో 330 కేలరీల శక్తి, 11.3 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇందులోని దినుసులన్నీ ఊరి కిరాణాదుకాణంలో దొరికేవే.

గర్భిణుల్లో రక్తహీనతను తగ్గించడానికి ఉద్దేశించిన న్యూట్రిషన్ కిట్ల పంపిణీ 2022 డిసెంబరులో కామారెడ్డి జిల్లాతో సహా తొమ్మిది జిల్లాల్లో ప్రారంభమైంది. పోషకాల పొడి, ఖర్జూరం, నెయ్యి, ఇనుము సిరప్ అందులోని ముఖ్యవస్తువులు. అది పునరావాసచికిత్సకు సంబంధించినది కాకపోయినా, సూత్రం ఇదే: ఫలానావారికి, ఫలానా లోపానికి, ఫలానా పూరకం.

6. లేబులు భాష:
2016 నాటి నిబంధనల ప్రకారం ఆరోగ్యపూరకాల డబ్బాపై అది ఔషధంగా వాడదగినది కాదని, వైవిధ్యమున్న ఆహారానికి ప్రత్యామ్నాయం కాదని ముద్రించాలి. అయితే లేబులు వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరిలిపిలో హిందీలో గాని ఉంటే చట్టానికి చాలు. ఇతర భాషలు అదనంగా చేర్చవచ్చు, తప్పనిసరి కాదు. ఫలితంగా తెలుగు మాత్రమే చదవగల కుటుంబానికి ప్రకటన తెలుగులో చేరుతుంది, హెచ్చరిక చేరదు. అమ్మే మాటకు ఉన్న భాష కాపాడే మాటకు లేకపోవడం భాషాసమస్య మాత్రమే కాదు, ఆరోగ్యసమస్య కూడా.

7. ముగింపు:
• పథ్యమంటే హితమైనది తినడం కూడా. ఆ పూర్వార్థాన్ని ఇంటింటా పునరుద్ధరించాలి.
• కోలుకునే కాలంలో పప్పు, గుడ్డు, పాలు, పల్లీలే తొలి పూరకాలు. నోటికి తిండి సహించనప్పుడు, పరీక్షలో లోపం తేలినప్పుడు వైద్యుని సలహాతో డబ్బా పూరకాన్ని ఆశ్రయించాలి.
• రోగిని ఇంటికి పంపేటప్పుడు మందులచీటీతోపాటు తినవలసినవాటి పట్టికను తెలుగులో రాసివ్వాలి.
• పూరకాల హెచ్చరికలను తెలుగులోనూ ముద్రించడం తప్పనిసరి కావాలి.
• సాధన లేని ఆహారం కండరాన్ని కట్టదు, ఆహారం లేని సాధన ఉన్న కండరాన్ని అలసటపాలు చేస్తుంది. రెండూ కలిసినప్పుడే మంచం దిగిన మనిషి మళ్లీ పొలం గట్టెక్కగలడు.