ముల్లు ఎక్కడ దాక్కుంటుంది?

ప్రశ్న: రోడ్ బైక్ కొని ఏడాది కాలేదు. నెలకు రెండు మూడు పంక్చర్లు. మందం టైర్లు వేయించుకుంటే ఈ బాధ ఉండదంటున్నారు. నిజమేనా? ఎలాంటివి కొనాలి?

మందం టైర్లు వేస్తే పంక్చర్లు తగ్గుతాయి. కానీ మీరు ఆశపడుతున్నంత తగ్గవు. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. 25 మిల్లీమీటర్ల టైరు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 2.1 మీటర్లు ముందుకెళ్తుంది. అంటే కిలోమీటరుకు 475 చుట్లు. పొద్దున్నే 50 కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చేసరికి టైరు మీద ఏ చోటైనా సరే, రోడ్డును ఇరవై మూడు వేలసార్లకు పైగా తాకి ఉంటుంది.

సన్నటి గాజుపెంకు గుచ్చుకోగానే ట్యూబు దాకా పోవడం తక్కువ. పై రబ్బరులో ఇరుక్కుని కూర్చుంటుంది. ఆ తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ మీ బరువే దాన్ని లోపలికి నొక్కుతుంది. వెంట్రుకవాసి చొప్పున దిగి దిగి, ఆదివారం గుచ్చుకున్న పెంకు గురువారం నున్నటి రోడ్డు మీద గాలి తీసేస్తుంది. మనం గురువారం నాటి రోడ్డును తిట్టుకుంటాం. పంక్చర్లలో చాలావాటికి ఇలా కొన్ని గంటలో, కొన్ని రోజులో గడువుంటుంది. ఆ గడువులో పెంకును పీకేస్తే పంక్చరే లేదు. టైరు ఎంపిక కన్నా ముందు నేను ఈ మాట చెప్పడానికి కారణం అదే.

మన దగ్గర టైరులో దిగేవి ముఖ్యంగా మూడు: గాజు, ముల్లు, తీగ. ముళ్లలో సర్కారు తుమ్మను అందరూ ఎరుగుదురు. నరికిన కంపను ట్రాక్టరు మీద తీసుకెళ్తుంటే దారి పొడవునా రాలుతుంది. పల్లేరు కాయ చిన్నదే గానీ, ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ మొక్కకు పంక్చర్‌వైన్ అనే పేరే ఉంది.

అందరికీ తెలియనిది తీగ. లారీల రేడియల్ టైర్లలో ఉక్కు తీగల పొరలుంటాయి. టైరు పేలితే ఆ ముక్కలు హైవే అంచున పడి, నలిగి, తీగలు విడిపోతాయి. వెంట్రుక కన్నా కాస్త లావు, అరంగుళం కూడా ఉండని పొడవు. ఒక చలికాలం ఉదయం నాకు హైవే మీద గంటన్నరలో మూడుసార్లు గాలి పోయింది. మూడుసార్లూ ట్యూబు మార్చాను, టైరు లోపల వేళ్లతో తడిమాను, ఏమీ తగల్లేదు. ఇంటికొచ్చి దూది ఉండతో లోపలంతా తుడిస్తే ఒకచోట పోగులు చిక్కుకున్నాయి. అక్కడుంది తీగ. అప్పటి నుంచి పంక్చర్ సామాను సంచిలో చిటికెడు దూది ఉంచుకుంటాను. వేలికి దొరకనిది దూదికి దొరుకుతుంది, వేలు కూడా తెగదు.

వాహనాల చక్రాలూ గాలీ కలిసి రోడ్డును ఊడ్చినట్టు చేస్తాయి. ఆ చెత్తంతా తెల్లగీత అవతల మార్జిన్‌లో చేరుతుంది. సరిగ్గా అక్కడే మనం తొక్కుతాం. రోడ్డు ఖాళీగా ఉన్నంతసేపు గీతకు ఇవతల, దాని పక్కనే సాగండి. వెనక బండి చప్పుడైతే మాత్రం పంక్చర్ గురించి ఆలోచించకుండా పక్కకు రండి.

వానాకాలంలో పంక్చర్లు ఎందుకు పెరుగుతాయి? వరద చెత్తను రోడ్డెక్కిస్తుంది, అదొకటి. రెండోది చెప్పులు కుట్టే ఆయన్ని అడిగితే చెబుతాడు. రబ్బరు కోసేముందు ఆయన కత్తిని తడుపుతాడు. తడి రబ్బరు సులువుగా తెగుతుంది. గాజుపెంకుకూ అదే సౌకర్యం.

ఇక గాలి. టైరు పక్కన అచ్చువేసిన అంకె పరిమితి మాత్రమే. అంత కొట్టమని కాదు. గాలి మరీ తక్కువైతే గుంత అంచు తగిలినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. మరీ ఎక్కువైతే టైరు రాయిలా బిగుసుకుని, పెంకు మీద ఒదిగి సాగలేక దెబ్బంతా ఒకేచోట తింటుంది. 70 కిలోల మనిషి 25 టైరుకు వెనక 85 పీఎస్‌ఐ, 28 టైరుకు 70 దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు. ముందు చక్రానికి ఓ ఐదు తగ్గించండి. మామూలు ట్యూబులోంచి కూడా గాలి రోజూ కొంచెం కొంచెం జారుతుంటుంది. బొటనవేలితో నొక్కి చూస్తే 60కీ 80కీ తేడా తెలియదు, మీటరున్న పంపు కావాల్సిందే. మీ రిమ్ముకు లోపల కొక్కెంలాంటి అంచు లేకపోతే, ఆ హుక్‌లెస్ రకానికి 72.5 పీఎస్‌ఐ దాటకూడదు.

పంక్చరయ్యాక ట్యూబును చూడకుండా మార్చేయకండి, కారణం దాని మీదే ఉంటుంది. బయటి వైపు ఒకే చిల్లి ఉంటే ముల్లో తీగో. జంట గాట్లయితే గాలి తక్కువ. లోపలి వైపు, అంటే రిమ్ము వైపు చిల్లి పడితే రోడ్డు తప్పు కాదు, రిమ్ టేపు జరిగి పుల్లల రంధ్రం అంచు కోసింది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన టైరు వేసినా లాభం లేదు, టేపు మార్చాలి. టైరు ఎక్కించేటప్పుడు కంపెనీ పేరును వాల్వ్ ఎదురుగా వచ్చేట్టు పెట్టండి. ట్యూబులో చిల్లి వాల్వ్ నుంచి జానెడు దూరంలో ఉంటే, టైరులో ముల్లు ఆ పేరు నుంచి జానెడు దూరంలోనే, అటో ఇటో ఉంటుంది.

ఇప్పుడు కొనే సంగతి. మంచి టైరులో నూలు పొరకూ పై రబ్బరుకూ మధ్య ఒక రక్షణ పట్టీ ఉంటుంది. కొన్నిటిలో అది కెవ్లార్ జాతి నార. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ కనిపెట్టిన పదార్థం అది. కొన్నిటిలో వెక్‌ట్రాన్ అనే నార. ఈ నేత పట్టీలు గాజు కోతను బాగా ఆపుతాయి. సన్నటి తీగ మాత్రం పోగుల సందులోంచి దూరిపోగలదు. తీగనూ పొడవాటి ముల్లునూ ఆపాలంటే మందమే కావాలి. ష్వాల్బే మారథాన్ ప్లస్‌లో 5 మిల్లీమీటర్ల రబ్బరు పొర ఉన్నది అందుకే. కానీ అది మామూలు రోడ్ టైరుకు రెండింతలు దాటిన బరువు. రోజూ ఆఫీసుకు తొక్కేవారికి అది వేయమంటాను. మీ వాలకం చూస్తే తెల్లవారుజామున వేగంగా తొక్కే సరదా ఉన్నట్టుంది, మీకు వద్దు.

మీకు మధ్యరకం చాలు. కాంటినెంటల్ గేటర్‌స్కిన్, గ్రాండ్ ప్రీ ఫోర్ సీజన్ లాంటివి నడిమి పట్టీతోపాటు పక్కగోడలకూ రక్షణ పొర ఉన్నవి. గేటర్‌స్కిన్‌కు తడి రోడ్డు మీద పట్టు చాలదని వాడినవాళ్లు చాలామంది అంటారు. వానలో తొక్కేటట్లయితే రెండోదే నయం. పందేల కోసం చేసిన పల్చటి టైర్లు పందేలకే ఉంచండి. ఫ్రేములో చోటుంటే 25 బదులు 28 వేయండి. తక్కువ గాలితోనే రిమ్మును కాపాడుతుంది, ఒళ్లు నొప్పులూ తగ్గుతాయి. టీపీఐ అంకె పెద్దదైతే గట్టి టైరని దుకాణాల్లో చెబితే నమ్మకండి. అది అంగుళానికి ఎన్ని పోగులన్న లెక్క. పోగులు ఎక్కువంటే సన్నవని అర్థం. టైరు మెత్తగా సాగుతుంది, మన్నిక పెరగదు.

ట్యూబ్‌లెస్ కూడా మంచిదే. లోపలి ద్రవం చిన్న చిల్లుల్ని దానంతటదే పూడుస్తుంది. కానీ మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఆరిపోతుంది, రెండు నెలలకోసారి చూసి పోయాలి. ఆ ఓపిక లేకపోతే ట్యూబే మేలు.

ఈ ఆదివారం తొక్కి వచ్చాక, స్నానానికి పోకముందే చక్రాలను వెలుతురులో మెల్లగా తిప్పి చూడండి. గాలి కొంచెం తీస్తే కోతలు నోరు తెరుస్తాయి. ప్రతి కోతలోనూ గుండుసూదితో తవ్వండి. మెరిసే గాజు పలుకులు ఒకటో రెండో రాకుండా ఉండవు. వెనక టైరు మీద బరువెక్కువ, పైగా ముందు చక్రం నిలబెట్టిన మేకులూ పెంకులూ దానికే గుచ్చుకుంటాయి, కాబట్టి దాన్ని ఇంకాస్త శ్రద్ధగా చూడండి. అది బల్లపరుపుగా అరిగినా, నూలు పోగులు బయటపడినా తీసేయండి. కొత్త టైరును మాత్రం వెనక వేయకండి. ముందున్నదాన్ని వెనక్కి మార్చి కొత్తదాన్ని ముందు వేయండి. వెనక టైరు పేలితే సైకిలు ఊగుతూ ఆగుతుంది. ముందుది పేలితే హ్యాండిలు చేతిలో నిలవదు.