పులికి పుట్టుకతోనే స్పేర్లు లేవు

ఇంజన్‌లో ఆయిల్ ఎప్పుడు చూసుకోవాలో చెప్పే సైనిక పుస్తకంలో బట్టల్లేని అమ్మాయిల కార్టూన్లకు ఏం పని? 1943 ఆగస్టు 1 తేదీతో జర్మన్ సైన్యం అచ్చువేసిన ‘టైగర్‌ఫిబెల్’ తిరగేస్తుంటే నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. టైగర్ ట్యాంకులో కూర్చునే అయిదుగురి కోసం రాసిన వాచకం అది. సైనిక దస్త్రాల్లో దాని నంబరు డి 656/27. లోపల మాత్రం దస్త్రం వాసనే లేదు. పేజీకో ప్రాస, పేజీకో బొమ్మ, సైనికుల బారకాసుల్లో పేలే మోటు హాస్యం.

ఎడిటర్ గారు నాకు అప్పజెప్పింది వేరే పని. “పాత యుద్ధ ట్యాంకులకు ప్రాణం పోస్తున్నారట. దొరకని పార్టులు ఎక్కణ్నుంచి తెస్తున్నారో కనుక్కోండి. గురువారం సాయంత్రానికి కాపీ నా బల్ల మీద ఉండాలి” అన్నారు. నేనూ ఆ పార్టుల వేటే రాద్దామని కూర్చున్నాను. ఈ పుస్తకం కంటబడ్డాక మిగతా కాగితాలన్నీ చప్పగా కనిపించాయి. పైగా ఎడిటర్ గారి ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉంది. ఈ బండికి స్పేర్లు దొరకనిది ఇవాళ కాదు, కొత్తగా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కూడా దొరకలేదు.

వాచకంలో డ్రైవర్‌కి ఒక భాగం, రేడియో మనిషికి ఒకటి, గుండ్లు అందించేవాడికి ఒకటి, గురిచూసేవాడికి ఒకటి, కమాండర్‌కి ఒకటి. రాసింది ఒక కుర్ర లెఫ్టినెంటు. ఆమోదముద్ర వేసింది మాత్రం కవచ దళాల ఇన్‌స్పెక్టర్ జనరల్ గుడేరియన్. అంత పెద్ద జనరల్ ఇలాంటి బొమ్మలకు ఎలా ఒప్పుకున్నాడంటే, ఆయనకు వేరే దారి లేకపోయింది. బండి బరువు దాదాపు 57 టన్నులు. దాన్ని తోలేవాళ్లు చాలామంది ఇరవై ఏళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రాళ్లు. మామూలు మాన్యువల్ చేతికిస్తే మూడో పేజీలో నిద్రపోతారు. నిద్రపోయినవాడు రేడియేటర్‌లో నీళ్లు చూడడు. చూడకపోతే ఇంజన్ పోతుంది. పోయిన ఇంజన్‌కి బదులు ఇంకొకటి వెంటనే వస్తుందన్న హామీ లేదు. అందుకే అమ్మాయి బొమ్మ వేసైనా సరే, ఆ పేజీ చదివించాలనుకున్నారు.

నన్ను ఎక్కువసేపు ఆపిన పేజీ ఖర్చు లెక్క చెప్పేది. సరంజామాతో సహా ఒక టైగర్ ఖరీదు 8 లక్షల రైష్‌మార్కులు, పని 3 లక్షల గంటలు అంటుంది పుస్తకం. ఆ అంకెలు కుర్రాడి బుర్రకు ఎక్కవని తెలుసు కాబట్టి వెంటనే విడమరిచి చెబుతుంది: 30 వేలమంది తమ వారం జీతం మొత్తం ఇస్తే, 6 వేలమంది వారంపాటు ఒళ్లు వంచితే నీకు ఒక్క బండి వస్తుంది, వాళ్లందరూ నీ కోసమే పనిచేస్తున్నారు. కాగితం మీద భాగించి చూశాను. మనిషికి వారానికి 50 గంటల పని, 27 మార్కులకు కాస్త తక్కువ జీతం. లెక్క సరిపోయింది. లెక్కలోకి రాని సంగతి ఒకటుంది. టైగర్లు తయారైన కాసెల్ పట్టణంలోని హెన్షెల్ కర్మాగారాల్లో పనిచేసినవాళ్లలో ఇతర దేశాల నుంచి బలవంతంగా తెచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లు నీ కోసం ఇష్టపడి ఒళ్లు వంచుతున్నారని కుర్రాడికి చెప్పడం పచ్చి అబద్ధం. పులి ట్యాంకు అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు, ఆ పేరు వింటేనే పరవశించిపోతారు. నాకు ఆ పరవశం లేదు. మెకానిక్‌ల మీద గౌరవం ఉంది, బండి మీద లేదు.

అయితే పుస్తకం తెలివిని ఒప్పుకోక తప్పదు. ఇనుప కవచం లెక్కను అన్నం వేళలతో నేర్పిస్తుంది. టైగర్ ముందు కవచం మందం 100 మిల్లీమీటర్లు, పక్కన 80. గుండు తిన్నగా తగిలితే ఆ మందమే అడ్డు. ఏటవాలుగా తగిలితే అదే రేకును చీల్చుకుపోవడానికి గుండు ఎక్కువ దూరం ప్రయాణించాలి, లేదా జారిపోతుంది. కాబట్టి బండి ముక్కును గడియారంలో పన్నెండు అనుకో, శత్రువు ఎప్పుడూ పదిన్నర, ఒకటిన్నర, నాలుగున్నర, ఏడున్నర దిక్కుల్లో ఉండేలా బండిని తిప్పుకో అంటుంది. ఆ నాలుగింటికీ పెట్టిన పేరు ‘తిండి వేళలు’. త్రికోణమితి ఒక్క ముక్క చెప్పకుండా పాఠం అయిపోయింది. మన పదో తరగతి లెక్కల పుస్తకం రాసేవాళ్లు ఒక్కసారి చూస్తే బాగుండును.

ఇంత గారంగా చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో బండి కింద దూరితే తెలుస్తుంది. గేర్‌బాక్స్ ముందు భాగంలో, డ్రైవర్ పక్కన ఉంటుంది. దాన్ని బయటికి తియ్యాలంటే మనుషులు దూరే మూతలు చాలవు. ముందు పైనున్న, ఫిరంగి బిగించిన టరెట్‌ని ఎత్తాలి. టరెట్ ఒక్కటే దాదాపు 11 టన్నులు. అందుకోసం టైగర్ దళాల వర్క్‌షాపులు 15 టన్నులు లేపే గ్యాంట్రీ క్రేన్‌ను వెంట తిప్పుకునేవి. చక్రాల సంగతి ఇంకా అన్యాయం. తొలినాటి టైగర్‌కి ఒక్కో పక్క 8 ఇరుసులు, ఇరుసుకి 3 చొప్పున 24 చక్రాలు. అవి పక్కపక్కన కాదు, ఒకదాని మీదికి ఒకటి పొరలుగా దూరి ఉంటాయి. లోపలి పొరలో ఒక్క రబ్బరు టైరు ఊడిందా, దాని ముందున్నవన్నీ విప్పాల్సిందే. రబ్బరు కొరత ముదిరాక, 1944లో ఇనుప అంచు చక్రాలకు మారారు. చెడిన టైగర్‌ను ఇంకో టైగర్‌తో లాగించకూడదని నిబంధన, లాగితే రెండోదాని గేర్‌బాక్స్ కూడా పోతుందని భయం. ఒక్కదాన్ని కదిలించడానికి 18 టన్నుల హాఫ్‌ట్రాక్ లాగుడు బండ్లు మూడు కట్టాలి. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరగగలదని డిజైన్. అలా తిప్పితే పాడవుతోందని 1943 నవంబర్‌లో జర్మన్లే దాన్ని 2500కి కట్టేశారు.

ఇక ముందూ వెనకా గబగబా: తయారీ 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు వరకు, మొత్తం 1350కి దరిదాపు. 88 మిల్లీమీటర్ల ఫిరంగి, అయిదుగురు మనుషులు, 540 లీటర్ల పెట్రోలు పోసినా రోడ్డు మీద 200 కిలోమీటర్లు దాటని నడక. ఆఫ్రికా, రష్యా, ఇటలీ, నార్మండీ అన్నిచోట్లా తిరిగింది. యుద్ధం పోయింది, బండ్లు తుక్కయ్యాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తంలో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వాటిలో మ్యూజియం చేతిలో ఉండి, సొంతంగా నడిచే బండిగా పేరు పడింది టైగర్ 131. ఇంగ్లండ్‌లోని డోర్సెట్ కౌంటీలో బోవింగ్టన్ అనే చోట ట్యాంక్ మ్యూజియంలో ఉంది. 504వ భారీ ట్యాంకుల బెటాలియన్‌లో 1వ కంపెనీ, 3వ ప్లటూన్, 1వ బండి. ఆ పేరు అలా వచ్చింది. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ వాళ్లకు దొరికింది. చర్చిల్ రకం బ్రిటిష్ ట్యాంకు ఒకటి పేల్చిన 6 పౌండర్ ఫిరంగి గుండు టైగర్ ఫిరంగి గొట్టం అడుగున తగిలి, జారి, టరెట్ తిరిగే సందులో ఇరుక్కుంది. టరెట్ బిగుసుకుపోయింది. రెండో గుండు టరెట్‌ని ఎత్తే కొక్కేనికి తగిలి, ఫిరంగిని పైకీ కిందికీ కదిపే యంత్రాన్ని చెడగొట్టింది. మూడోది గుండ్లు అందించేవాడి మూతకు తగిలింది. లోపలివాళ్లు గాయపడ్డవాళ్లను తీసుకుని దిగి పారిపోయారు. ఇంజన్ మాత్రం నిక్షేపంగా ఉంది. గొట్టం అడుగున ఆ మొదటి గుండు చెక్కిన గాటు ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని పూడ్చకపోవడం మరమ్మతు చేసినవాళ్లు తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి.

పార్టుల వేట అప్పట్నుంచే మొదలైంది. ట్యునీసియాలో చచ్చిపడిన ఇతర టైగర్ల నుంచి ముక్కలు ఊడబీకి 131కి బిగించారు. నడిపి చూశారు. ఆరో జార్జి రాజుకూ, ప్రధాని చర్చిల్‌కూ చూపించారు. ఆ అక్టోబర్‌లో ఇంగ్లండ్‌కు చేర్చి, నవంబర్‌లో లండన్ హార్స్ గార్డ్స్ మైదానంలో జనానికి ప్రదర్శించారు. తర్వాత చెర్ట్సీలోని ట్యాంక్ టెక్నాలజీ స్కూల్ దాన్ని నిలువునా విప్పి, కొలిచి, రిపోర్టు రాసింది. కాబట్టి ‘ఫ్యాక్టరీలో పుట్టినట్టుగా ఉన్న అసలు బండి’ అన్నది 131 విషయంలో 1943లోనే అయిపోయిన ముచ్చట. 1951 సెప్టెంబర్ 25న మ్యూజియానికి ఇచ్చారు. 1990 జూన్‌లో ప్రదర్శన నుంచి తీసి, బ్రిటిష్ సైన్యపు మరమ్మతు విభాగంతో కలిసి పని మొదలుపెట్టారు. నడిచే ఇంజన్‌తో మళ్లీ హాల్లోకి వచ్చేసరికి 2003 డిసెంబర్ అయింది. ఆనాటి రంగులు కలిపి పైపూత పూర్తిచేసేసరికి 2012.

ఆ నడిచే ఇంజన్ ఎక్కడిదన్నదే అసలు కథ. ఈ బండికి పుట్టుకతో వచ్చింది మేబాక్ హెచ్‌ఎల్ 210. అల్యూమినియం క్రాంక్‌కేసు, 21 లీటర్లు, 650 హార్స్‌పవర్. మొదటి 250 టైగర్లకే దాన్ని వాడారు. తర్వాత వచ్చింది 23 లీటర్ల హెచ్‌ఎల్ 230, 700 హార్స్‌పవర్, పోత ఇనుము. మన విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీకి పార్టు కావాలంటే ఏదో ఒక సందులో, ఏదో ఒక షెడ్డులో అలాంటి లారీయే ఇంకోటి విప్పి పెట్టి ఉంటుంది. 250 బండ్లకే వాడిన ఇంజన్‌కి ఏ సందు ఉంటుంది? చివరికి మ్యూజియంలోనే ఉన్న కింగ్ టైగర్ అనే ఇంకో జర్మన్ ట్యాంకులోంచి హెచ్‌ఎల్ 230ని తీసి, కొత్తగా కట్టి, 131లో కూర్చోబెట్టారు. ఒక బండిని శాశ్వతంగా నిలబెట్టి ఇంకో బండిని నడిపించారు.

దీన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. చారిత్రక వస్తువును ముట్టుకోకూడదు, నడిపితే అరుగుతుంది అంటారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అయితే వేరే ఇంజన్ పెట్టిన సంగతిని మ్యూజియం దాచలేదు. పాత ట్యాంకుల బాగుచేతలో నేను పట్టుబట్టే షరతు అదొక్కటే: ఏది అసలు, ఏది అరువు, ఏది కొత్తగా పోత పోసింది అన్నది రాసిపెట్టాలి. అది రాయకుండా రంగు కొట్టి ‘ఒరిజినల్’ అని బోర్డు పెట్టేవాళ్లది మాత్రం వ్యాపారం. 131ని ఏడాదిలో కొద్దిసార్లే, ‘టైగర్ డే’ లాంటి రోజుల్లో, నెమ్మదిగా తిప్పుతారు. 2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఫ్యూరీ’లో కనిపించే టైగర్ కూడా ఇదే.

■ 131 ఏ కొండ మీద దొరికింది?

ఏళ్ల తరబడి పుస్తకాల్లో ఉన్నది ఏప్రిల్ 21, జెబెల్ జాఫా. ఆ యుద్ధంలో పాల్గొన్న షేర్‌వుడ్ ఫారెస్టర్స్ దళ సైనికుడి కొడుకు ఒకాయన, తండ్రి చెప్పిన జ్ఞాపకానికీ పుస్తకాలకూ పొసగక తవ్వడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒప్పుకుంటున్నది ఏప్రిల్ 24, గెరియాత్ ఎల్ అతాష్, పాయింట్ 174. అదే నెల 19–20 రాత్రి ట్యునీసియాలోనే జెబెల్ గార్సీ కొండ మీద 4వ ఇండియన్ డివిజన్ పోరాడింది. కంపెనీ హవల్దార్ మేజర్ ఛేలూరామ్‌కు మరణానంతరం విక్టోరియా క్రాస్ వచ్చింది అక్కడే. ఆ డివిజన్ ఇంజనీర్లలో మన తెలుగువాళ్లు చేరే మద్రాస్ శాపర్స్ కంపెనీ కూడా ఉంది.

■ నదిలో ఒకటి, లావోస్‌లో ముప్పై

అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జాక్ లిటిల్‌ఫీల్డ్ బాగుచేయించిన జర్మన్ పాంథర్ ట్యాంకు పోలండ్ నది అడుగు నుంచి పైకి తీసింది. ఆయన 2009లో పోయాడు. బండి ఇప్పుడు మసాచుసెట్స్‌లోని మ్యూజియంలో ఉంది. నార్మండీలోని విముతియె ఊరి దగ్గర 1944లో సిబ్బంది వదిలేసిన టైగర్ తుక్కుకు పోబోతుంటే 1975లో ఊరే దక్కించుకుంది. ఇక రష్యా టి–34 సంగతి వేరు. అది వేలల్లో తయారైంది కాబట్టి 2019 జనవరిలో లావోస్ దేశం నడిచే స్థితిలో ఉన్న టి–34–85లు 30 రష్యాకు తిరిగి పంపించగలిగింది. పార్టుల గొడవ లేనిది ఎక్కువ సంఖ్యలో, తేలిగ్గా విప్పేలా కట్టినవాటికే.

ఇంగ్లండ్ దాకా వెళ్లలేని పాఠకులకు ఒక మాట. షిర్డీ యాత్రకు ఏటా మన దగ్గర్నుంచి ఎంతోమంది వెళ్తుంటారు. అక్కణ్నుంచి ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న అహ్మద్‌నగర్‌లో, 1994లో మన సైన్యం నెలకొల్పిన కవల్రీ ట్యాంక్ మ్యూజియం ఉంది. 131ను ఆపిన చర్చిల్ కోవ ట్యాంకు, 1965 యుద్ధం నాటి పాటన్ ట్యాంకులు, మన విజయంత, అన్నీ చెట్ల కింద పక్కపక్కనే ఉంటాయి. దర్శనం అయ్యాక ఒక పూట అటు కేటాయించండి. సైనిక ప్రాంతం కాబట్టి గుర్తింపు కార్డు మరిచిపోకండి.