కంచి ఏకామ్రనాథుని కోవెల

మోక్షపురులని మన పెద్దలు లెక్కించినవి ఏడు: అయోధ్య, మథుర, మాయ, కాశి, కంచి, అవంతిక, ద్వారక. వీనిలో దక్షిణదేశమున నున్నది కంచి యొక్కటియే. చెన్నపట్టణమునకు నైరృతి దిక్కున సుమారు 75 కిలోమీటర్ల దూరమున, వేగవతీ నది చెంత నున్న యీ నగరము పూర్వము పల్లవులకు రాజధాని. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ దీనిని గూర్చి వ్రాసెను.

మొన్నటి మాఘమాసమున తొమ్మిదవ తరగతి విద్యార్థులతో నేను కంచికి వెళ్లితిని. ఏకామ్రనాథాలయ ద్వారమున బస్సు దిగగానే ఒక బాలుడు నన్నడిగెను: "అయ్యవారూ, ఇది తమిళుల గుడి గదా! మన తెలుగుకు ఇచ్చట ఏమున్నది?" ప్రశ్న చిన్నది కాదు. ముందు చూడుము, పిమ్మట చెప్పెదనంటిని.

మొదట కనబడునది దక్షిణ రాజగోపురము. ఎత్తు సుమారు 190 అడుగులు. విజయనగర ప్రభువగు శ్రీకృష్ణదేవరాయలు దీనిని 1509లో, తన పాలనారంభమున, కట్టించెను. ఇంత యెత్తు ఎట్లు నిలిచినదని పిల్లలడిగిరి. అడుగుభాగమెల్ల నల్లరాయి, పై అంతస్తులు ఇటుకయు సున్నమును. క్రింద బరువు, పైన తేలిక. పైకి పోవుకొలది ప్రతి అంతస్తును ముందరి దానికంటె చిన్నది. అందుచేత భారము పునాదిపై సమముగా పడును. తంజావూరి పెద్దగుడిలో గర్భాలయముపైనున్న విమానమే అన్నిటికంటె ఎత్తు. కాలక్రమమున ఆ పెంపు ద్వారగోపురములకు వచ్చెను. కాలినడకను వచ్చు యాత్రికునకు క్రోసుల దూరమునుండియే గోపురము దారి చూపుచుండెడిది.

ఇక పేరు చూడుడు. ఏక మనగా ఒక్కటి, ఆమ్ర మనగా మామిడి. ప్రాకృతమున ఆమ్రము 'అంబ' యగును. తామ్రము 'తంబ' యైనట్లే. తమిళులు ఈ కోవెలను 'ఏకంబం' అందురు. ఆలయములో నున్న మామిడిచెట్టు స్థలవృక్షము. నాలుగు కొమ్మలు నాలుగు వేదములనియు, ఒక్కొక్క కొమ్మ పండు ఒక్కొక్క రుచి అనియు భక్తులు చెప్పుకొందురు.

ఆ చెట్టు నీడను పార్వతీదేవి ఇసుకతో లింగమును జేసి పూజించుచుండగా నదికి వరద వచ్చినదట. లింగము కరిగిపోవునని వెరచి ఆమె దానిని గాఢముగా కౌగిలించుకొన్నదట. అందుచేత స్వామికి తమిళమున 'తళువక్కుళైందార్' అని పేరు. కౌగిలింపగా కరిగినవాడని అర్థము. పంచభూత లింగములలో ఇది పృథివీలింగము. నీటికి తిరువానైక్కావు, అగ్నికి తిరువణ్ణామలై, వాయువునకు శ్రీకాళహస్తి, ఆకాశమునకు చిదంబరము. మట్టిలింగ మగుటచే దీనికి జలాభిషేకము లేదు.

అప్పరు, సంబంధరు, సుందరరు ఈ స్వామిని తమిళమున కీర్తించిరి. చూపు కోల్పోయిన సుందరరునకు ఇచ్చటనే ఎడమకన్ను తిరిగి వచ్చినదని ఐతిహ్యము. మరియొక విశేషము: ఈ శివాలయ ప్రాకారములోనే విష్ణుమూర్తి సన్నిధి గలదు, అది వైష్ణవుల 108 దివ్యదేశములలో నొకటి. అమ్మవారికి మాత్రము కంచి శివాలయములలో ప్రత్యేక సన్నిధి యుండదు. ఊరంతటికిని కామాక్షియే తల్లి.

ఆ కామాక్షి గుడికిని వెళ్లితిమి. అచ్చటి బంగారు కామాక్షి విగ్రహమును కల్లోల కాలమున అర్చకులు రహస్యముగా గొనిపోయి, ఊరూర త్రిప్పి, తుదకు తంజావూరు చేర్చిరి. ఆ అర్చకుల వంశమున 1762లో పుట్టినవాడే శ్యామశాస్త్రి. ఆయన కృతులలో పెక్కు తెలుగుననే యున్నవి. నేటికిని తమిళ గాయకులు వానిని తెలుగు మాటలతోనే పాడుచున్నారు.

ఎండ చల్లబడిన పిమ్మట కైలాసనాథాలయమునకు పోతిమి. దానిని 8వ శతాబ్ది తొలిపాదమున పల్లవ రాజసింహుడు కట్టించెను. పిదప చాళుక్య రెండవ విక్రమాదిత్యుడు కంచిని జయించెను. కాని ఆలయ ధనమును ముట్టక స్వామికే తిరిగి యిచ్చి, ఆ సంగతిని అచ్చటనే కన్నడమున చెక్కించెను. శత్రువు చెక్కించిన శాసనమును ఊరివారు చెరిపివేయలేదు.

తిరుగు ప్రయాణమున బాలునికి బదులు చెప్పితిని. ముందుగా నా మాట ఒకటి చెప్పవలసి వచ్చెను. నేను ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రదేశమునకు పోయినపుడు, తరగతిలో 'పిలకాయలు' అంటినని తోడివారు నవ్విరి. అది అరవ తెలుగట! కొన్ని నెలలు నేను నోరు విప్పుటకే జంకితిని. అక్కడ తమిళుడను, ఇక్కడ తెలుగువాడను. నా వాడుక ఏది యని కుమిలితిని. పిదప ఒక సెలవులో కంచికి వచ్చి ఈ గోపురము క్రింద కూర్చుంటిని. దీనిని కట్టించిన రాయలు తెలుగున ఆముక్తమాల్యద రచించినపుడు కథానాయికగా ఎన్నుకొన్నది శ్రీవిల్లిపుత్తూరి గోదాదేవిని, ఒక తమిళ కవయిత్రిని. ఆమె పాటను ఎరుగనిదే ఆ కావ్యము లేదు. ఆ తమిళము మనకు వీధిలో ఊరకయే దొరకినది. 'కోవెల', 'కోయిల్' ఒక్క మాట యొక్క రెండు రూపములే గదా!

"కాబట్టి నాయనా, గుడి ఎవరిదని అడుగకుము. దాని గోడపై నున్నది చదువ నేర్చితివా యని అడుగుము" అంటిని.

ఆ బాలుడు ఉదయమున తమిళ ఫలకములన్నియు తడబడక చదివి తోటివారికి వినిపించినవాడే. తెలుగున వ్రాయుమన్నపుడు మాత్రము ఒత్తుల యొద్ద వాని కలము ఆగెను. ఇంట తెలుగు మాటలాడును, అక్షరము పట్టుబడలేదు. తల్లిదండ్రులారా, మన పిల్లలలో పెక్కుమంది స్థితి ఇదియే. తమిళము బాగుగా రావలెను. అది మనకు అన్నము పెట్టు భాష. దాని పక్కన తెలుగు అక్షరమునకు రోజునకు అరగంట చోటిచ్చినచో చాలును. తాతమ్మ చెప్పిన కథను పిల్లవానిచేత ఒక పుట వ్రాయించుడు.

మరునాడు ఆ బాలుడు యాత్రాపుస్తకమును తెచ్చి చూపెను. అందులో 'తళువక్కుళైందార్' అని తమిళ లిపిలో వ్రాసి, దాని క్రింద తెలుగున 'కౌగిలింపగా కరిగినవాడు' అని వ్రాసి యుండెను. 'గ' పైన 'ఇ' గుణింతము తప్పిపోయినది. దిద్ది యిచ్చితిని.