అంకెలతో చిత్రలేఖనము

జడ్చర్ల పరిసరములలో పెరిగినవారికి బొమ్మ వేయుటకు వస్తువు కొరత లేదు. ఎర్ర నేల, నల్లని గుండ్లు, సీతాఫలపు పొదలు, ఆల్వాన్‌పల్లి చెంత నిలిచియున్న ఇటుకల గొల్లత్తగుడి, ఇవి అన్నియు బడిపిల్లల నోటుపుస్తకముల చివరి పుటలలో చేరుచుండును. తరువాత ఉద్యోగము, సంసారము వచ్చును. రంగులపెట్టె అటకనెక్కును.

తెలంగాణ ప్రభుత్వము 2021లో తన ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 61 సంవత్సరములకు పెంచినది. ఆ వయస్సున విశ్రాంతి పొందిన ఒక ఉపాధ్యాయుని ఊహించుకొందము. ఆయనకు తీరిక కలదు, చిన్ననాటి కోరిక కలదు. కాని కుంచె పట్టగానే మూడు చిక్కులు ఎదురగును. దగ్గరి వస్తువు కంటికి ఆనదు. చేయి కొంచెము వణకును. ఒక్క గీత తప్పినచో ఖరీదైన కాగితము, రంగులు వ్యర్థమగునను జంకు కలుగును. ఇట్టి వారు కొందరు నేడు ఇంటి కంప్యూటరు మీదనో, పలకవంటి టాబ్లెట్ కంప్యూటరు మీదనో మరల బొమ్మలు వేయుచున్నారు. కుంచె మానిపించిన చిక్కులను ఈ యంత్రము ఎట్లు తొలగించుచున్నది? ఇందులో చిత్రము అంకెలుగా మారును. మిగిలిన సౌకర్యములన్నియు అందుండి పుట్టినవే.

ఇటుకలు, చుక్కలు

గొల్లత్తగుడి ప్రాచీనమైన జైన దేవాలయము. దూరమునుండి చూచిన ఒకే కట్టడముగా కనబడును. దగ్గరకు పోయినకొలది వరుసలుగా పేర్చిన ఇటుకలు తేలును. తెరమీది చిత్రము కూడ ఇట్టిదే. అది చిన్న చిన్న చదరపు చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అందురు. అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు గల తెరలో మొత్తము 20,73,600 చుక్కలుండును. చుక్కలు మిక్కిలి చిన్నవగుటచే కన్ను వానిని విడదీయలేదు. చిత్రమంతయు అవిచ్ఛిన్నముగా తోచును.

ఛాయాచిత్రమును ఇట్లు అంకెలుగా మార్చి కంప్యూటరులో ప్రవేశపెట్టిన తొలి ప్రయత్నము 1957లో అమెరికాలో జరిగినది. అక్కడి జాతీయ ప్రమాణముల సంస్థలో పనిచేయుచుండిన రస్సెల్ కిర్ష్, తన మూడు నెలల కుమారుని ఫొటోను ఎంచుకొనెను. ఆ చిత్రములో అడ్డమునకు 176, నిలువునకు 176 చొప్పున 30,976 చుక్కలు మాత్రమే కలవు.

మూడు దీపముల లెక్క

మన దృష్టిపటలములో రంగులను గుర్తించు శంకుకణములు మూడు విధములు. అందుచేత ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులను తగుపాళ్ళలో కలిపినచో కంటికి అనేక వర్ణములు తోచును. తెరలోని ప్రతి చుక్కయందును ఈ మూడు చిన్న దీపములుండునని భావింపవచ్చును. సాధారణముగా ఒక్కొక్క దీపమునకు 0 మొదలు 255 వరకు 256 మెట్లు. మూడింటిని కలిపిన 256 × 256 × 256, అనగా 1,67,77,216 రంగులు లభించును. ఎరుపు 170, ఆకుపచ్చ 80, నీలము 50 అని నిర్ణయించిన ఇటుక వర్ణము వచ్చును. మూడును 255 అయిన తెలుపు, మూడును 0 అయిన నలుపు.

నీటిరంగులకు అలవాటుపడినవారికి ఇక్కడ ఒక ఆశ్చర్యము ఎదురగును. పళ్ళెములో ఎరుపు, ఆకుపచ్చ రంగులు కలిపిన మురికి గోధుమవర్ణము వచ్చును. తెరమీద ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిపిన పసుపు వచ్చును. రంగుపొడి తనపై పడిన కాంతిలో కొంత మ్రింగివేయును. రెండు పొడులు కలిసిన కొలది మిగులు కాంతి తగ్గును. తెరయందు కాంతికి కాంతి తోడగును. మొదటిది తీసివేత, రెండవది కూడిక.

ముదిమిలో కన్ను

కంటిలోని కటకము బాల్యమున మెత్తగా నుండి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బును. వయస్సుతోపాటు అది గట్టిపడును. నలుబది దాటిన తరువాత పుస్తకమును దూరముగా పట్టుటకు ఇదియే కారణము. అంతేకాదు, కటకము క్రమముగా పసుపు వన్నె పొంది నీలి కాంతిని కొంత అడ్డును. కనుపాప కూడ చిన్నదగును. యువకుని దృష్టిపటలమునకు చేరు కాంతిలో మూడవ వంతు మాత్రమే అరువదేండ్లవానికి చేరునని అంచనా.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే కథ ఇందుకు సాక్ష్యము. ఆయన కంటి శుక్లములను వైద్యులు 1912లో గుర్తించిరి. రానురాను రంగులు ఆయనకు మసకబారినవి. రంగుగొట్టముల మీది పేర్లు చూచుకొని, పళ్ళెములో ఏ రంగు ఎక్కడ నుంచితినో గుర్తుపెట్టుకొని పనిచేయవలసివచ్చెను. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగినది. తెరమీది అంకెలు నేటివారికి ఆ గొట్టముల పేర్లవంటివి. కన్ను మోసగించినను, నీలము 200 అన్న అంకె మారదు. నిన్నటి ఆకాశపు వర్ణమే నేడును కావలెనన్న, ఆ మూడు అంకెలు మరల వేసిన చాలును.

చిత్రమును పెద్దది చేసి చూచుట మరియొక సౌకర్యము. అమెరికాకు చెందిన హాల్ లాస్కో 1915లో జన్మించెను. గ్రాఫిక్ కళాకారుడుగా పనిచేసి విశ్రాంతి పొందెను. దృష్టిపటలపు మధ్యభాగము చెడు వ్యాధిచే చూపు బాగుగా తగ్గినది. ఎనుబదేండ్లు దాటిన తరువాత ఆయన మైక్రోసాఫ్ట్ పెయింట్ అను సామాన్య సాధనము చేపట్టి, చిత్రమును పెద్దది చేసికొని, చుక్క ప్రక్కన చుక్క పెట్టుచు బొమ్మలు వేసెను. 2014లో మరణించువరకు ఆ పని ఆయనకు తోడుగా నుండెను.

అయితే తెర కన్నును బాగుచేయదు. రంగులు మసకబారుట, రాత్రి దీపముల చుట్టు వలయములు కనబడుట శుక్లమునకు గుర్తులు కావచ్చును. తెర వెలుతురు పెంచుకొని ఊరకుండక కంటి వైద్యుని చూడవలెను.

వణకు చేతికి సగటు సాయము

తెరమీద కలము కదలునపుడు యంత్రము దాని స్థానమును క్షణమునకు అనేక పర్యాయములు గుర్తించి అంకెలుగా వ్రాసికొనును. చేయి వణకుటచే గీత ఎత్తు వరుసగా 10, 13, 10, 13, 10 అయినదనుకొందము. ప్రతి మూడింటి సగటు తీసిన 11, 12, 11 వచ్చును. మూడు ప్రమాణముల ఊగిసలాట ఒకటికి తగ్గినది. క్రీటా వంటి ఉచిత సాధనములలో గీతను నిలుకడ చేయు ఏర్పాటు ఇట్టి గణితము మీదనే ఆధారపడినది. సగటు మరీ ఎక్కువైన మూలలు గుండ్రబడును, గీతలోని జీవము పోవును. కావున చేతి తీరును బట్టి కొద్దిగా వాడుకొనుట మేలు.

తప్పు దిద్దుకొనుట కూడ అంకెల మహిమయే. ప్రతి మార్పునకు ముందున్న అంకెలను యంత్రము దాచియుంచును. కోరినచో వానిని తిరిగి పెట్టును. పారదర్శకమైన కాగితములవంటి పొరలు ఒకదానిపై నొకటి పరచి, ఆకాశమొకదానిపై, గుడి యొకదానిపై వేయవచ్చును. ఒకటి చెడిన రెండవది చెడదు. కాగితము వ్యర్థమగునను జంకు దీనితో తీరును.

ఖర్చు కూడ అడ్డము కానక్కరలేదు. జపానులో తత్సువో హోరియూచి పదవీ విరమణకు సమీపించిన కాలమున, సుమారు 2000లో, బొమ్మలు వేయదలచెను. చిత్రలేఖనపు సాధనములు ఖరీదైనవని, లెక్కల పట్టికలకై చేయబడిన ఎక్సెల్‌తోనే ప్రకృతిదృశ్యములు వేయసాగెను. ఆయన వాడిన పద్ధతిలో చుక్కలు కాక, రేఖల, వంపుల జ్యామితి నిలువయుండును. అందుచేత ఎంత పెద్దది చేసినను అంచులు మొద్దుబారవు.

యంత్రము ఇవ్వలేనిది

దూరమునకు పోవు దారి ఎట్లు సన్నగిలును, మధ్యాహ్నపు నీడ ఎంత కురచ, బాలానగరు సీతాఫలపు కన్నులలో వెలుగెక్కడ, మసకెక్కడ, ఇవి చూచి నేర్వవలసినవి. వాక్యము చెప్పిన బొమ్మనిచ్చు సాధనములు నేడు కలవు. వానివలన చిత్రము రావచ్చును గాని, చూచుటలోని ఆనందము రాదు. తెరమీది రంగులన్నియు అచ్చులో దిగవు. తెర కాంతిని వెదజల్లును, కాగితము కాంతిని ప్రతిఫలించును. ఈ భేదము తెలిసినచో, అచ్చు వేయించిన తరువాత నిరాశ కలుగదు.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు గ్రాఫు కాగితముపై అడ్డము 16, నిలువు 16 గళ్ళు తీసికొని, గొల్లత్తగుడి ఆకారమును గళ్ళు నింపి వేయించవచ్చును. నింపిన గడి 1, ఖాళీ గడి 0. ఒక విద్యార్థి ఆ 256 అంకెలను వరుసగా చదువగా, బొమ్మ చూడని మరియొకడు వేరు కాగితముపై గళ్ళు నింపవలెను. అదే గుడి మరల వచ్చును. ఒక్క అంకె తప్పిన ఏ ఇటుక తప్పినదో కూడ తెలియును.

ఈ ప్రయోగమునకు పదవీ విరమణ చేసిన తాతనో, పూర్వపు ఉపాధ్యాయునో తరగతికి పిలిచిన మరియు మంచిది. టాబ్లెట్‌లో పొరలెట్లు తెరువవలెనో పిల్లలు ఆయనకు చూపగలరు. గుడి నీడ ఏ వైపున పడునో ఆయన పిల్లలకు చూపగలడు.